ఆదివారంలోగా అమ్మాల్సిన జీపు

“ఆదివారం దాకా చూస్తాను. ఆ తర్వాత ఇందులో నా కోళ్ళు కాపురముంటాయి,” అంది నిమియా, జీపు టైరును కాలితో తన్ని.

ఆమె మొగుడు ఎలీహియో ఆ టైరుకంటిన దుమ్మును చేత్తో తుడిచాడు. ఫోటో చూసి మనసు పారేసుకుని జపాను నుంచి తెప్పించిన డీజిల్ జీపు అది. చిలీ రేవులో దింపించి, ఎడారి దాటించి మరీ పరాగ్వేలోని తమ ఊరు ఒవియేదోకు తెచ్చుకున్నాడు. నాలుగు చక్రాలూ లాగుతాయి, బాడీ రాయిలా ఉంటుంది. మీటరు మాత్రం నాలుగు లక్షల పదివేల కిలోమీటర్లు చూపిస్తుంది. పాత బళ్ళ వ్యాపారంలో ఉండి కూడా మీటరు వెనక్కి తిప్పని మొండిఘటం అతను. అందుకే ఏడు నెలలుగా ఆ జీపు పెరట్లోంచి కదల్లేదు. ఊరంతా నవ్వుతోంది. ఇప్పుడు కోళ్ళు కూడా ఎక్కితే ఇక తలెత్తుకు తిరిగేదెట్లా?

“పైగా దాని నోరొకటి!” అంది నిమియా మళ్ళీ. “తాళం తిప్పితే చాలు, లోపలి స్పీకర్లోంచి జపాను అమ్మాయి గొంతు వాళ్ళ భాషలో పురాణం మొదలెడుతుంది. రుఫీనో, ఆ తెల్ల బండికీ నీలం బండికీ నోరు మూయించావుగా? దీని సంగతేంటి?”

“రేపు చూస్తానక్కా,” అన్నాడు మెకానిక్కు రుఫీనో. జీపు స్టీరింగును కుడి నుంచి ఎడమకు మార్చింది అతనే. ఆ ‘రేపు’ మాత్రం మూడు నెలలుగా నడుస్తోంది.

శుక్రవారం పొద్దున్నే ఒక పొడుగాటి మనిషి వచ్చాడు. మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. పేరు అనస్తాసియో అన్నాడు. ఎలీహియో కూర్చోబెట్టి చల్లటి ఆకు పానీయం తెరెరే చేతికిచ్చాడు.

“వానొస్తే మా దారిలో ట్రాక్టర్లే దిగబడతాయన్నా. మా అత్తయ్యను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పాలి. దానికి తగ్గ బండి కావాలి.”

“అత్తగారినా!” నిమియా నోరు ఊరుకోదు. “దారి పొడుగునా సాధిస్తుందేమో చూసుకో నాయనా.”

“లేదక్కా. ఆమె ఇంట్లో అసలు నోరే విప్పదు.”

“అబ్బ, ఎంత అదృష్టవంతుడివయ్యా!”

“మావయ్య పోయిన దగ్గర్నుంచీ అంతే. నేనూ మా ఆవిడా ఎంత పలకరించినా నవ్వి తలూపుతుంది.”

నిమియా నాలుక కరుచుకుంది. లోపలికెళ్ళి వేడి చీపా రొట్టెలు రెండు తెచ్చి అతని ముందు పెట్టింది.

ఎలీహియో ముందు తెల్ల బండి చూపించాడు. లక్షే తిరిగింది, టైర్లు కొత్తవి. అనస్తాసియో ఎక్కి, కళ్ళు మూసుకుని తాళం తిప్పాడు. ఒక్క క్షణం విన్నాడు.

“ఇది కాదన్నా.”

నీలం బండెక్కాడు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. “ఇదీ కాదు.”

బానెట్ ఎత్తమనలేదు, కిందికి వంగి చూడలేదు. ఎలీహియో గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. దేవుడా, చెవితోనే ఇంజను గుట్టు లాగేవాడు తగిలాడే! పొద్దుటి చలికి జీపు ఇంజను ఎట్లా దగ్గుతుందో అతనికి తెలియంది కాదు.

“ఆ మూల ఉన్నదో?”

“అది... నాలుగు లక్షలు దాటింది బాబూ. అబద్ధం చెప్పను.”

“దాటనివ్వండి.”

తాళం తిరిగింది. జపాను అమ్మాయి గలగలా మొదలెట్టేసింది. వెనకే ఇంజను ఖళ్ళుఖళ్ళున దగ్గింది. అది వినబడకుండా ఎలీహియో కూడా గట్టిగా దగ్గాడు.

“కాసేపు దగ్గకండన్నా,” అని అనస్తాసియో బండి ఆపేశాడు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఆపి, మూడోసారి తిప్పాడు. కళ్ళు మాత్రం తెరవలేదు.

ఇంకేముంది, కోళ్ళు గృహప్రవేశం చేసేసినట్టే. ఎలీహియో ఇక ఉండబట్టలేక, “ఉన్నమాట చెప్పేస్తా బాబూ. చలికి దగ్గుతుంది. వేడెక్కితే మాత్రం పులే!” అన్నాడు.

“నాకు ఇదే కావాలి.”

“ఇదా?” మొగుడూ పెళ్ళాం ఒక్కసారే అన్నారు.

అనస్తాసియో బేరమే ఆడలేదు. అడిగినంతా ఇచ్చేశాడు. ఎలీహియోకు ప్రాణం లేచొచ్చింది. ఇంత మంచివాడికి ఊరికే ఏదైనా చేసిపెట్టాలనిపించింది.

“రుఫీనో! కత్తెర పట్రా. ఆ అమ్మాయి గొంతు తీగ కత్తిరించెయ్. దారంతా ఆ గోల ఎవడు పడతాడు? ఒక్క గ్వరానీ కూడా ఇవ్వొద్దు బాబూ.”

మూడు నెలల్లో మొదటిసారి రుఫీనో పరుగెత్తాడు.

“వద్దు, వద్దన్నా!” అనస్తాసియో చేతులు రెండూ చాచి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

“అదేంటి బాబూ? ఒక్క ముక్క అర్థం కాదు. దాని వాగుడు వినేదెవరు?”

“మావయ్య పోయాక మా ఇంట్లో ఆ భాష వచ్చినవాళ్ళే లేరు. మా అత్తయ్యదీ జపానే అన్నా.”