మెడమీది ఆకుముద్ద

“చూడండమ్మా, కళ్ళజోడు పెట్టుకుని మరీ చూడండి!” ఖర్గేశ్వర్ మెడకి చుట్టుకున్న గామోసా తువ్వాలు విప్పి డాక్టరమ్మ బల్లమీద పడేశాడు. “బాతుగుడ్డంత గడ్డ. ఇప్పుడు వేలికి కూడా తగలటంలేదు. ఈ గొప్ప ఎవరిదంటారు? మీదా, మా బేజ్‌దా?”

బేజ్ అంటే మంత్రం వేసి ఆకుముద్ద ఇచ్చే తరణీకాంత. నల్బారి దగ్గర, ఏటికవతల ఊరు. ఆయన పేరెత్తితే ఖర్గేశ్వర్ చేతులు వాటంతటవే జోడవుతాయి. గువాహటి డాక్టర్ల పేరెత్తితే మూతి వంకర తిరుగుతుంది.

డాక్టరమ్మ మెడ తడిమి నవ్వింది. “మందు బాగా పనిచేస్తోంది పెద్దాయనా. ఇంకా ఎక్కించుకోవాలి.”

“ఏం పనిచేసింది? మీ సూది గుచ్చాకేగా గడ్డ ఉబ్బింది!”

“ఉబ్బొచ్చని ముందే చెప్పాను. చెంపలో కోసేసిన కేన్సరే మెడలోకి దిగింది. తన తిండికోసం కొత్త రక్తనాళాలు మొలిపించుకుంది. ఒక మందు ఆ దారులు మూస్తుంది. రెండోది మీ ఒంట్లో పడుకున్న కాపలా కణాల్ని లేపుతుంది. అవన్నీ వచ్చి గడ్డమీద మూగాయి. ఆ గుంపుకే వాపు.”

ఖర్గేశ్వర్ పగలబడి నవ్వాడు. “విన్నావుటే మాఖొనీ? నా మెడలో పోలీసులు దిగారట! తగ్గితే వీళ్ళ మందు, పెరిగితే నా పోలీసులు. ఇన్నేళ్ళు చదివింది ఈ కబుర్లకా?”

మాఖొనీ బల్లమీది గామోసా తీసి మడతపెట్టింది. గడ్డ ఉబ్బిన రోజున మొగుడు సూది మానేస్తానని మొండికేస్తే, “బేజ్ ముద్ద తెచ్చి రాస్తాను, సూదికి కూడా రా” అని బతిమాలింది ఆవిడే. అప్పట్నుంచీ ఇతను ఆసుపత్రి పక్క అద్దెగదిలో కాళ్ళు చాపుకుని పడుకుంటే, ఆవిడే బస్సులు మారి వెళ్ళి ముద్దతో తిరిగొస్తోంది. పొద్దున్నే మెడకి పట్టిస్తోంది.

“ఇవాళ్టితో మీ సూదికో దండం,” అన్నాడు ఖర్గేశ్వర్. “నాకు మా బేజ్ చాలు.”

డాక్టరమ్మ నవ్వు పోయింది. “ఇప్పుడాపితే గడ్డ మళ్ళీ లేస్తుంది. ఈసారి మిమ్మల్ని బతికించలేను.”

“బెదిరింపులా? రేపు ఆయన్నే తెచ్చి మీ కుర్చీలో కూర్చోబెడతాను. కాళ్ళదగ్గర కూర్చుని నేర్చుకోండి. ఏమే, పొద్దుటి బస్సుకి పోయి పిలుచుకురా.”

“రాడు,” అంది మాఖొనీ.

“నా పేరు చెప్పు, పరుగెత్తుకొస్తాడు.”

“దేవుడి పేరు చెప్పినా రాడు.”

“ఎందుకు రాడే? మొన్నేగా ముద్ద ఇచ్చి పంపాడు?”

మాఖొనీ డాక్టరమ్మవైపు ఒకసారి చూసి, మొగుడివైపు తిరిగింది.

“ఆ ముద్దలన్నీ నేను నూరినవే. మొదటి ముద్దకోసం నేను వెళ్ళిన రోజే నీ బేజ్‌ని కాటికి మోసుకెళ్తున్నారు, మెడలో ఇలాంటి గడ్డతోనే.”