గ్లిసరిన్ లేకుండా

“పాప కళ్లకి గ్లిసరిన్ వేద్దామా హరిణీ?” కెమెరా వెనక నుంచి అడిగాడు శశికాంత్.

“వద్దు. నాకెప్పుడూ వెయ్యలేదు.”

అమెరికాలో, కాపెల్ ఊళ్లోని ఆ గరాజ్‌లో తీస్తున్నది హరిణి సొంత కథే. ఒకప్పుడు తెలుగు సినిమాల్లో ఆమె బేబీ హరిణి. పసిపిల్ల ఏడవాల్సిన సీనుంటే ఆమెనే పిలిచేవారు. ఇప్పుడా పాత్ర వేస్తున్నది స్నేహితురాలు శాంతి కూతురు, ఆరేళ్ల అన్వి. ఎంతసేపటికీ పిల్లకు ఏడుపు రావడం లేదు.

“ఆంటీ, ఐ యామ్ నాట్ శాడ్.”

హరిణి వంగి అన్వి చెవిలో ఏదో చెప్పింది. పిల్ల పెదవి వణికింది. చూస్తుండగానే వెక్కి వెక్కి ఏడ్చింది.

“కట్! సూపర్!” అన్నాడు శశికాంత్. గరాజ్‌లో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

ఇంట్లోంచి టీ పట్టుకొచ్చిన శాంతిని చూసి అన్వి పరుగెత్తి వెళ్లి చుట్టేసుకుంది. “అమ్మా, నువ్వు కార్‌లో వెళ్లిపోయావు, ఇంక రావు అని ఆంటీ చెప్పింది!”

శాంతి నిర్ఘాంతపోయింది. “అదేంటే హరిణీ! చిన్నప్పుడు ఈ మాట చెప్పి ఏడిపించినందుకేగా నువ్వు మీ నాన్నతో మాట్లాడ్డం మానేశావు?”

“సారీ శాంతీ...” అంది హరిణి. “శశీ, ఆ టేక్ డిలీట్ చేసెయ్.”

అన్వి కళ్లు తుడుచుకుంది. చప్పట్లు కొట్టినవాళ్ల వైపు ఒకసారి చూసి, వచ్చి హరిణి చెయ్యి పట్టుకు లాగింది.

“ఆంటీ, మళ్లీ చెప్పు. ఈసారి ఇంకా బాగా ఏడుస్తా.”

తన నాన్న అన్న మాటలన్నీ హరిణి స్క్రిప్టులో రాసింది. చిన్నప్పుడు తనూ నాన్నని ఇలాగే ‘మళ్లీ చెప్పు’ అని అడిగిందని మాత్రం రాయలేదు.