దూడ చెవులు

"తలుపు వెయ్యి తమ్ముడూ, ఉన్న కాస్త వేడీ పోతోంది!" స్నానాల గదిలోంచి థోరా అరిచింది.

సెల్మర్ తలుపు మూసి లోపలికి పరుగెత్తాడు. మోంటానాలో ఇంత చలి పడి ఎన్నేళ్లయిందో. వారం కిందట తను లెక్క వేసినట్టే వచ్చింది. నవ్వు ఆపుకుందామన్నా ఆగడం లేదు.

"బావేడక్కా?"

"ఇంకో దూడను వెతుకుతున్నాడు. ఈనే ఆవులన్నీ రాత్రి బయటే ఉండిపోయాయి. రా, దీని చెవులు పట్టుకో."

తొట్టిలో గోరువెచ్చని నీళ్లలో, అప్పుడే పుట్టిన దూడ తలను అక్క పైకెత్తి పట్టుకుని ఉంది. దాని చెవులు చలికి గడ్డకట్టి, ఎండిన తోలు ముక్కల్లా బిగుసుకుపోయాయి.

"బతుకుతుందా?"

"బతకొచ్చు. చెవులు మాత్రం రాలిపోతాయి." ఆమె తలెత్తి చూసింది. "ఈసారి నీకూ తెలియలేదా? నిన్న భోజనానికి వచ్చినప్పుడు కూడా ఏమీ అనలేదు."

నిరుడు అతని మాట విని ఆవులన్నిటినీ కొట్టంలోకి తోలారు. చలి రాలేదు. "మా బామ్మర్ది చలి ఇంకా దారిలోనే ఉంది" అని బావ చర్చి ముందు అందర్నీ నవ్వించాడు. అందుకే ఈసారి ఫోనులో తనలాంటి వాతావరణ పిచ్చివాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. తెల్లవారాక బావ ముఖం ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాడు.

"తెలుసక్కా."

థోరా వేడినీళ్ల కుళాయి ఇంకాస్త తిప్పింది.

అతని జేబులో ఫోను మోగింది. ఆగి, మళ్లీ మోగింది.

"ఎవరు?"

"చలి వచ్చిందని సంబరపడేవాళ్లు," అన్నాడు సెల్మర్, దూడ చెవులు వదలకుండా.