కుదురులేని పిల్ల

“ఒంటికాలి మీద నిలబడు తల్లీ” అన్నాడు టెక్కలి డాక్టరు జనార్దనరావు.

ప్రమోదిని నిలబడింది. నిలబడీ నిలబడకుండానే మెడ పక్కకి విదిలించింది, భుజం ఎగరేసింది, ఒరిగిపోయి బల్ల పట్టుకుంది. తొమ్మిదేళ్ల పిల్ల. బడిలో ప్రార్థనకి నిలబెడితే వరసంతా తిన్నగా ఉంటుంది, ఇది ఒక్కతే తూలుతుంది.

తల్లి దాలమ్మకి గుండె జారిపోయింది. ఉద్దానంలో మనిషి కాస్త తూలితే చాలు, ఊరంతా ఒకటే మాట, కిడ్నీ అని. పోయినేడు ఆమె పెనిమిటిని తీసుకుపోయిందీ అదే. ఇక ఆమెకి మిగిలింది ఈ పిల్లే.

“దీనికీ అదేనా బాబూ? దాసకుండా సెప్పండి.”

“కాదనే అనుకుంటున్నాను. మీ మనసు నెమ్మదించాలంటే రక్తం చూద్దాం.”

సూది చూడగానే పిల్ల గోడకి అంటుకుపోయింది. “ముందు అమ్మకి గుచ్చితేనే” అని పేచీ పెట్టింది. దాలమ్మ నవ్వుతూ నర్సుకి చెయ్యి చాపింది.

“సూడే, నాకేటైనా అయినాదేటి?”

అప్పుడుగానీ పిల్ల తన చెయ్యి ఇవ్వలేదు. నర్సు రెండు సీసాలూ పట్టుకుని లోపలికెళ్లింది.

వరండాలో దాలమ్మ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. పిల్ల మీద దిగులుతో ఆమెకి నెలనాళ్లుగా తిండి సయించడం లేదు, కాళ్లు ఈడుస్తున్నాయి. అయినా కూచోలేదు. పిల్ల మెడ విదిల్చినప్పుడల్లా “తిన్నగా కూకోయే” అని కసిరింది. మళ్లీ తనే జాలిపడి తల నిమిరింది.

సాయంత్రానికి డాక్టరు పిలిచాడు.

“పిల్ల కిడ్నీలు బాగున్నాయమ్మా. దీన్ని టిక్స్ అంటారు. మెడా భుజమూ వాటంతటవే అదురుతాయి, కావాలని చేసేది కాదు. ఆ కుదుపుకే నిలకడ తప్పుతోంది. కసరకండి. చాలామందికి పెద్దయ్యేసరికి తగ్గుతుంది. అందాకా దగ్గరుండి చూసుకోవాలి.”

“నానున్నాను కద బాబూ, సూసుకోనా?”

దాలమ్మ కళ్లు తుడుచుకుంది. ప్రాణం లేచొచ్చినట్టయింది. “పదవే, కవిటి బస్సు ఎలిపోద్ది” అంటూ పిల్ల చెయ్యి పట్టుకుంది.

డాక్టరు కుర్చీ ముందుకి జరిపాడు. “కూచోండి” అన్నాడు.

“ఏటి బాబూ? రత్తం బాగుందన్నారు కదా?”

“మీదే బాగోలేదమ్మా.”