జమీందారు పొట్ట

“నేను పెట్టలేదంటే పెట్టలేదు. కావాలంటే మూత తీసి లెక్క చూసుకో,” అంటూ నాయనమ్మ బిస్కెట్ల డబ్బాను కొడుకు ముక్కు కిందికి తోసింది.

“డబ్బా ఎందుకమ్మా, దాని పొట్టే చెబుతోంది,” అన్నాడు నాన్న సోఫాలోంచి కదలకుండా.

ఆ పొట్ట జమీందారుది. కుక్కపిల్లగా ఇంటికి వచ్చినప్పుడు సరదాగా పెట్టిన పేరు. ఎనిమిదేళ్లకి పేరుకు తగ్గ పొట్ట వచ్చింది. ఈ మధ్య వీపు మీద బొచ్చు కూడా పలచబడింది. గిన్నెడు నీళ్లు తాగడం, గదికో మడుగు చేయడం, మళ్లీ వచ్చి గిన్నె ముందు కూర్చోవడం. తుడిచి తుడిచి అమ్మ నడుము పట్టేసింది.

“పొద్దున్నుంచి ఇది నాలుగోసారి,” అంది అమ్మ గుడ్డ పిండుతూ. “తల్లీకొడుకులు తర్వాత తేల్చుకుందురు గాని, ఆ కాళ్లు కాస్త పైకెత్తండి.”

“ఎలా ఎత్తను? అది నాకుతోంది కదా!” నాన్న మురిసిపోయాడు. “ఆఫీసు నుంచి రావడం ఆలస్యం, పాదాల దగ్గర వాలిపోతుంది. ఈ కొంపలో నా కాళ్లకి దణ్ణం పెట్టేది ఇదొక్కటే.”

“మరి దాని మడుగులు మీరే తుడవొచ్చుగా?”

“దాన్ని ఇలా తయారుచేసినవాళ్లు తుడవాలి. రేపు పరీక్ష చేయిస్తున్నాం. ఈ పొట్ట ఎవరి చలవో తేలనీ, ఇకమీదట ఇల్లంతా వాళ్లే తుడవాలి. ఎవరైనా సరే.”

“నాయనమ్మ మోకాళ్లతోనా?” అంది కూతురు.

“ఎవరైనా సరే అన్నానా!”

నాయనమ్మ డబ్బా తీసుకెళ్లి అలమరలో పైఅరలో పెట్టేసింది. ఆ పూట టీలోకి తనూ బిస్కెట్ తినలేదు.

మర్నాడు పశువుల డాక్టరమ్మ జమీందారు ముందుకాలి నుంచి కొంచెం రక్తం తీసింది. తర్వాత ఒక ఇంజెక్షన్ ఇచ్చింది.

“కిడ్నీల పక్కన చిన్న గ్రంథులుంటాయి. మెదడు దగ్గర్నుంచి ఒక హార్మోను వచ్చి ‘లేవండి, పని చెయ్యండి’ అని వాటిని తరుముతుంది. ఈ ఇంజెక్షన్ దానికి నకలు. గంటాగి మళ్లీ రక్తం తీస్తే, గ్రంథులు ఏపాటి పని చేశాయో తెలుస్తుంది.”

“అచ్చం మా ఇల్లే. నేను అరిస్తే గానీ ఒక్కరూ లేవరు,” అన్నాడు నాన్న.

గంటసేపు నలుగురూ బెంచీ మీద కూర్చున్నారు. నాయనమ్మ జమీందారు చెవులు నిమురుతూనే ఉంది. నాన్న చెప్పు విడిచి, పాదం బరబరా గోక్కున్నాడు.

“నలుగురిలో ఏమిటండీ అది?” అంది అమ్మ. “వారం రాయమన్న మందు ఏడాదిగా రాస్తున్నారు. తగ్గిందా, చచ్చిందా? అసలు డాక్టరుకి మళ్లీ చూపించుకోరేం?”

“అదే తగ్గుతుందిలే. ముందు కుక్క సంగతి చూడు.”

రెండు రోజుల తర్వాత, సాయంత్రం డాక్టరమ్మ ఫోన్ చేసింది. కూతురు స్పీకర్ పెట్టింది.

“విచిత్రంగా ఉందండీ. పైకి చూస్తే ఆ గ్రంథులు విపరీతంగా పనిచేస్తున్నట్టుంది. తీరా ఇంజెక్షన్ ఇస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. గాఢనిద్ర.”

“అంటే తిండి వల్ల కాదా?” నాయనమ్మ ఫోన్ దగ్గరికి వంగింది.

“కాదు పెద్దమ్మా. ఆకలి ఈ జబ్బు లక్షణం, కారణం కాదు. ఆ గ్రంథుల పని ఇంకెవరో చేసిపెడుతున్నారు. వండిపెట్టేవాళ్లుంటే వంటింట్లోకి ఎవరెళ్తారు చెప్పండి?”

అమ్మ నాన్న వైపు చూసింది.

“మీ ఇంట్లో ఎవరిదో స్టిరాయిడ్ మందు రోజూ దాని కడుపులోకి వెళ్తోంది. అదేమిటో కనిపెట్టగానే చెప్పండి. ఉన్నట్టుండి ఆగిపోతే ప్రమాదం, కొన్నాళ్లు నేను కొంచెం కొంచెంగా ఇచ్చి మాన్పిస్తాను.”

ఫోన్ పెట్టేయగానే నాన్న లేచి నిలబడ్డాడు. “మందులు! అమ్మా, నీ మాత్రలు మింగుతున్నావా, దానికి పడేస్తున్నావా?”

నాయనమ్మ మందుల పెట్టె తెచ్చి సోఫా మీద గుమ్మరించింది. కూతురు ఒక్కో అట్ట తిప్పి చూసింది. బీపీ. క్యాల్షియం. గ్యాసు. ఒక్కటీ స్టిరాయిడ్ కాదు, లెక్కలో ఒక్క మాత్రా తేడా లేదు.

“అయితే ఎవరిది మరి?” అంది అమ్మ, ఇంకో మడుగు మీద గుడ్డ వేస్తూ.

నాన్న సోఫాలో కూలబడ్డాడు. కిటికీ గట్టు మీంచి పాదాలకి రాసుకునే మందు ట్యూబు తీసి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, దాని మీది చిన్న అక్షరాలు చాలాసేపు చదివాడు. జమీందారు తోక ఊపుకుంటూ వచ్చింది. ఆయన రెండు కాళ్లూ గబుక్కున సోఫా మీదికి లాక్కున్నాడు.

“రేపట్నుంచి మేజోళ్లు వేసుకుని ఇల్లు నేనే తుడుస్తాను,” అన్నాడు మెల్లగా.