పొర దాటిన మందు

ప్రయోగశాల తలుపు తీసి, ముసలాయన తల లోపలికి పెట్టాడు.

"అమ్మా, మందు దిగిందా?"

పరిశోధకురాలికి ఒళ్ళు మండింది. నిన్నా ఇదే ప్రశ్న.

ఆమె బల్ల మీద ఒకదానిపై ఒకటి రెండు చిన్న గాజు గిన్నెలున్నాయి. వాటి నడుమ బిగించి ఉంది, చనిపోయిన మనిషి కంటి నల్లగుడ్డు మీది పొర.

చూడ్డానికి కాగితమంత పలచన. కాపలా మాత్రం గట్టిది. దుమ్మునూ రానివ్వదు, మందు చుక్కనూ రానివ్వదు.

మందులో ఓ ఆకురసం కలిపితే ఆ పొర దారి ఇస్తుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకం మీదే ఆమె ఉద్యోగం వేలాడుతోంది. ఐ బ్యాంకు ఇచ్చింది ఒక్క జత కళ్ళు. నిన్న మొదటి పొర మీద ఉత్త మందు వేసి చూసింది. కింది గిన్నెలోకి దిగలేదు. ఇవాళ రెండోదాని మీద ఆకురసం కలిపి వేసింది.

ముసలాయన నాటుమందులు అమ్ముకునేవాడని ఆమె తేల్చేసుకుంది. ఆకురసం సంగతి ఎవరో చెవిలో ఊది ఉంటారు. రేపు వీధిలో సీసాలు పెట్టి, ఫలానా మేడమ్ ఒప్పుకుందని అరుస్తాడు.

ఇంకో నెల ఆగితే ఆయనే మనకు జీతాలిస్తాడని పక్క బల్ల సహోద్యోగి ఎగతాళి చేశాడు.

"మీకెందుకండీ ఇదంతా?" అంది ఆమె.

ఊరికే తెలుసుకుందామని, అన్నాడాయన. ఆమె కుర్చీ చూపించలేదు.

కాస్త దగ్గరికొచ్చి చూడొచ్చా అన్నాడు. వద్దంది.

పనయ్యాక దాన్నేం చేస్తారని అడిగాడు.

"చెత్తలో పారేస్తాం. ఏం, కావాలా?"

సహోద్యోగి ఫక్కున నవ్వాడు.

ముసలాయన తల ఊపాడు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

మళ్ళీ వస్తే గేటు దగ్గరే ఆపేయమని ఆమె వాచ్‌మన్‌కి చెప్పింది.

సాయంత్రానికి మందు దిగింది. కింది గిన్నెలో కావలసినంత ఉంది. ఆమె కుర్చీలో కూలబడి, ఏడ్చినంత పని చేసింది.

పొర అన్నట్టుగానే చెత్తసంచిలోకి వెళ్ళింది.

మర్నాడు ఇంకో జత అడగడానికి ఐ బ్యాంకుకి ఫోన్ చేసింది. అడగబోయేంతలో అవతలి నర్సే అందుకుంది.

"పెద్దాయన ఒకరు మీ దగ్గరికొచ్చారాండీ? రోజూ మా మెట్ల మీద కూర్చుంటుంటే చూడలేక నేనే పంపాను. మా రూలు ఒప్పుకోదు, మీరెవరో చెప్పుకోకండి, మందు దిగిందా అని మాత్రం అడగండి అని ఆయనతో అన్నాను. ఆయనకేం చెప్పారు?"

ఆమె ఎదురు ప్రశ్న వేసింది.

"ఎవరండీ ఆయన?"

"మీకిచ్చిన ఆ కళ్ళు ఇంకొకరికి అతకడానికి పనికిరావంటే, పోనీ దేనికైనా పనికొస్తాయేమో చూడమని మా చేతుల్లో పెట్టి వెళ్ళారండీ, అవి ఆయన భార్యవి."