ఐదు నంబర్ల పిల్ల

“ఒక్క పిల్లని ఐదు చోట్ల రాయిస్తావా? సిగ్గుండాలి ముసలీ,” అన్నాడు కల్మురాత్. అతను ఆ మాట అనడం వరసగా ఇది మూడో రోజు.

“రాసుకున్నది వాళ్ళు. నేను టీ మాత్రమే పోశాను,” అంది అసిల్‌కాన్, రొట్టెల పిండి పిసుకుతూ.

“టీతో పాటు అబద్ధాలూ పోశావు.”

“ఏదీ, ఒక్కటి చెప్పు చూద్దాం.”

కల్మురాత్ టోపీ తీసి తల గోక్కున్నాడు. ఎంత వెతికినా ఒక్క అబద్ధమూ దొరకలేదు. అసలు బాధ అదే.

సరిహద్దులో కాల్పులు మొదలైన రోజే వాళ్ళ కూతురు కెంజే సంచీ సర్దుకుని వెళ్ళింది. నలభై రోజులైంది. మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు. అల్లుడు రష్యాలో మేస్త్రీ పని చేస్తున్నాడు. ఆరేళ్ళ బేగిమాయ్ అమ్మమ్మ దగ్గర మిగిలింది. మొదట్లో అమ్మ ఎప్పుడొస్తుందని రోజూ అడిగేది. ఈమధ్య అడగడం మానేసింది. అసిల్‌కాన్‌కి భయం పట్టుకున్నది అప్పుడే. ఏం చేసైనా సరే, ఆ పిల్ల తల్లి ఇంటికి రావాలి.

సరిగ్గా అప్పుడే ఇళ్ళు కాలిపోయినవాళ్ళను తెచ్చి ఊరి బడిలో ఉంచారు. వాళ్ళ వెనకే సహాయ సంస్థలు దిగాయి. ఒకటి కాదు, ఐదు. ఐదింటికీ పిల్లల క్షేమమే పని. ఒకరు ఎవరితో మాట్లాడారో మరొకరికి తెలియదు. అసిల్‌కాన్ చేసిందల్లా మనవరాలిని ఆడుకోవడానికి రోజూ బడి దగ్గరికి తీసుకెళ్ళడం. మిగతాది వాళ్ళే చూసుకున్నారు.

మొదట వచ్చింది నూర్‌జామల్ అనే కళ్ళజోడు అమ్మాయి. రాజధాని బిష్కెక్ మనిషి, ఈ వైపు రావడం ఇదే మొదలు. పెద్దావిడని ‘అమ్మా’ అన్నట్టుగా ‘అపా’ అని పిలిచింది.

“అపా, పిల్ల తల్లి పేరు?”

“ఇంట్లో కెంజే అంటాం.”

“పాస్‌పోర్టులో?”

“పాస్‌పోర్టు దాని దగ్గరే ఉంది తల్లీ.”

“ఎటు వెళ్ళింది?”

“సరిహద్దు ఊళ్ళవైపు. తుపాకులు మోగుతుంటే జనమంతా ఇటు పరిగెత్తారు, ఇది అటు పరిగెత్తింది. అక్కడ పిల్లలెవరో చిక్కుకుపోయారట.”

“ఫోను చేసి చూశారా?”

దానికి బేగిమాయ్ జవాబు చెప్పింది. “మోగుతుంది. అమ్మ ఎత్తదు.”

నూర్‌జామల్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. ఆ హడావుడిలో నంబరు అడగడం మరిచిపోయింది. అసిల్‌కాన్ గుర్తు చేయలేదు.

తక్కిన నలుగురూ అంతే. అవే ప్రశ్నలు, అవే జవాబులు. పోతూ పోతూ తలా ఒక బడిసంచీ ఇచ్చారు. తలా ఒక కాగితం ఇచ్చి, మీ ఇంటి బొమ్మ గీయమ్మా అన్నారు. బేగిమాయ్ అందరికీ ఫోను బొమ్మే గీసి ఇచ్చింది.

“సంచులన్నీ బడిలో పిల్లలకే పంచేశానుగా. ఇంకా ఏమిటయ్యా నీ గోల?” అంది అసిల్‌కాన్.

“ఆ కాగితాలు పైదాకా వెళ్తే ఏమవుతుందో తెలుసా?”

“తెలియకుండానే ఐదుసార్లు టీ పోశానా?”

గురువారం సాయంత్రం నూర్‌జామల్ రొప్పుతూ వచ్చింది. ఐదు సంస్థలూ వారానికోసారి బాత్కెన్ పట్నంలో కలుస్తాయి. ఎవరు ఏ పని చెయ్యాలో చెప్పడానికి అందరి మీదా ఒక మేడమ్ ఉంది. ఆ సమావేశంలో పిల్లల పేరు గానీ, ఊరు గానీ పలకకూడదు. నంబరు మాత్రమే చెప్పాలి. పిల్లల వివరాలు ఎవరి చెవిన పడతాయోనని అంత జాగ్రత్త.

“అపా, మన పిల్లకి ఐదు నంబర్లున్నాయి. మా దగ్గర ముప్ఫై ఒకటి, ఇంకొకరి దగ్గర ఏడు, మరొకరి దగ్గర నూట పన్నెండు.”

“అరెరె. ఎలా బయటపడింది?”

“బొమ్మల వల్ల. ఇల్లు గీయమంటే ఫోను గీసిన పిల్లలు ఐదుగురు తేలారు. మేడమ్ ఐదు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. ఇక చూడండి, అందరికీ అక్షింతలు.”

“ఏమని?”

“అందరూ సంచులిచ్చారు సరే, ఒక్కరైనా తల్లిని వెతికారా అన్నారు. ఆ తర్వాత...” నూర్‌జామల్ గొంతు తగ్గించింది. “అసలు ఆ తల్లి ఎలాంటి మనిషి, ఇంత పిల్లని వదిలి నలభై రోజులు ఎలా ఉండగలిగింది అన్నారు.”

మూలన టీ తాగుతున్న కల్మురాత్‌కి పొలమారింది.

“సరిగ్గానే అడిగింది. ఇంకోసారి అడగమను,” అంది అసిల్‌కాన్.

“రేపు మీరే విందురు గానీ. ఇక మా ఎవరినీ నమ్మనంటూ ఆవిడే ఇక్కడికి బయల్దేరుతున్నారు. దారి చూపించడమే నా పని.”

మర్నాడు మధ్యాహ్నం కారు గేటు ముందు ఆగింది. నూర్‌జామల్ ముందుగా లోపలికి పరిగెత్తుకొచ్చింది.

“వాగు మీది వంతెన దాటినప్పటినుంచీ మేడమ్ ఒక్క మాట మాట్లాడలేదు అపా. బాగా కోపంగా ఉన్నట్టున్నారు.”

“కోపం కాదులే,” అంది అసిల్‌కాన్. వేడి రొట్టెలు తెచ్చి నేల మీది భోజనాల గుడ్డ మీద పరిచింది.

మేడమ్ గుమ్మం దగ్గర బూట్లు విప్పింది. తల వంచుకుని లోపలికొచ్చింది. బేగిమాయ్ తాత వెనక దాక్కుని, ఒక కన్నుతో మాత్రం చూసింది.  అసిల్‌కాన్ చిన్న గిన్నెలో టీ పోసి ఆమె ముందుకు జరిపింది. 

మేడమ్ ఐదు సంస్థలూ పిల్లని రాసుకున్న ఐదు నమోదు కాగితాలూ గుడ్డ మీద పెట్టింది. నాలుగింటిని అడ్డంగా కొట్టేసింది. ఐదో కాగితాన్ని దగ్గరికి జరుపుకుంది.

“సోమవారం నుంచి నేను ఈ ఊరి బడిలోనే కూర్చుని పని చేసుకుంటాను నాన్నా, పొద్దున బేగిమాయ్‌ని నేనే నిద్ర లేపుతాను,” అని అందరికీ వినబడేలా మెల్లగా చెప్పి, తల్లి సంతకం ఉండాల్సిన చోట మేడమ్ తన సంతకం పెట్టింది.